వెనక బెంచీ నుంచి మొదలైన రొట్టె

ఈయన ఊపిరి కూడా మైకులోకే పీలుస్తాడు. పెదాలకు ఆనించుకోవద్దు మహాప్రభో, జానెడు దూరం ఉండనివ్వండి అని ఆరాధనకు ముందే చెప్పాను, జాన కొలిచి మరీ చూపించాను, చల్లగా నవ్వి నా భుజం తట్టాడు, తీరా పీఠం ఎక్కాక దాన్ని మొక్కజొన్న కండెలా పట్టుకున్నాడు, ఇక కొరకడమే తరువాయి. ‘ప్ర’ అన్నప్పుడల్లా స్పీకర్లు దభీమంటున్నాయి, ప్రభువా అంటే దభీ, ప్రియులారా అంటే దభీ, నేనేమో పక్కగోడకు ఆనించిన ఈ బల్ల దగ్గర కూర్చుని ఒక మీట తగ్గిస్తూ ఇంకోటి పెంచుతూ చస్తున్నాను. మా పాస్టరు గారికి గొంతు పోయింది. వారమంతా కూటాల్లో పరలోకానికి వినపడాలన్నట్టు అరిచాడు, పరలోకం సంగతేమో గాని గొంతు మాత్రం బొంగురు పలకడం కూడా మానేసింది, ఇవాళ మెడకు మఫ్లరు చుట్టుకుని మొదటి బెంచీలో కుక్కిన పేనులా కూర్చున్నాడు, ఆయన బదులు ఎక్కడినుంచో ఈ గెస్టు పాస్టరు. మంచిదే. ఈ గదిలో దేవుడున్నాడేమోనని నాకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందంటే అది ఇవాళ పొద్దున, మా పాస్టరు గారి నోరు మూతపడిందని తెలిసినప్పుడే.

నేను నమ్మేవాణ్ణి కాదు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, నా కోసం ప్రార్థన చెయ్యని నోరు లేదు. మైకు సెట్లు అద్దెకివ్వడం నా పని, పెళ్ళికీ చావుకీ మీటింగుకీ అవే వైర్లు, అవే డబ్బాలు, ఏ ఉపన్యాసానికైనా నా పెట్టె వేడెక్కేది ఒక్కలాగే. ఆదివారం ఇక్కడికి మాత్రం జీతం బత్తెం లేకుండా వస్తాను, అక్క రమ్మంది కాబట్టి. అక్క రమ్మంటే రావాలి, దానికి పెద్ద కారణమేం లేదు, చిన్నప్పటినుంచీ అంతే. అందరూ పీఠం వైపు చూస్తారు, నేను పక్కనుంచి వాళ్ళను చూస్తాను, ఆరాధనలో నాకున్న సుఖం అదొక్కటే. కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నప్పుడు ఎవడు వాచీ చూసుకుంటాడో నాకు తెలుసు. స్తోత్రం అని కేక వేసి ఎవరు ఆవలింత దాచుకుంటారో నాకు తెలుసు. మొదటి బెంచీలో సంఘపెద్ద, టైలరు, పాట పాడుతూ కూడా మెడ తిప్పి వెనకున్నవాళ్ళ కాలర్ల కుట్లు చూస్తుంటాడు, ఎవడు వేరే కొట్టులో కుట్టించుకున్నాడో పట్టుకోవాలి కదా. ఆయన పక్కన పళ్ళ డాక్టరు, ఆ పక్కన పాస్టరమ్మ గారు, ఒళ్ళో తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం, పళ్ళెంలో రొట్టె. ఆవిడే ఇంట్లో కాల్చి తెస్తారు, గుండ్రంగా, ఎర్రగా, ఇంత లావున. రొట్టె బాగానే ఉంటుంది. పాపం దానిదేం తప్పు లేదు.

ఇక్కడ పద్ధతి ఏమిటంటే, రొట్టె ఒకటే, ముక్కలు కొయ్యరు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు మొదటి బెంచీకి అందిస్తాడు, వాళ్ళు తమ చేత్తో తాము ఒక ముక్క తుంచుకుని పక్కవాళ్ళకిస్తారు, అలా బెంచీ తరవాత బెంచీ వెనక్కి నడుస్తుంది. మిగల్చకూడదు, చివరి బెంచీలో ఉన్నవాళ్ళు మిగిలింది పూర్తిచెయ్యాలి, ఆ తరవాతే ద్రాక్షరసం గిన్నె. చివరి బెంచీలో ఉండేది మా అక్క. ఒక్కతే. నలుగురు కూర్చునే బెంచీ మీద గోడవారగా ఒక్కతే కూర్చుంటుంది, తన పక్కన ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు చీర సర్దుకుని మరీ కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నాను, ఎవరూ వచ్చింది లేదు. రొట్టె తన దగ్గరికి వచ్చేసరికి ఒకసారి పిడికెడుంటుంది, ఒకసారి పొట్టుంటుంది, ఒకసారి అందరూ నలిపిన ఉండ. అదే మహాభాగ్యం అన్నట్టు కళ్ళకద్దుకుని తింటుంది, గుడ్డ దులిపి ఆ పొడి కూడా నోట్లో వేసుకుంటుంది, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా అక్క ఆస్పత్రిలో శవాలు కడుగుతుంది. ఇలా అనేస్తే జనం ఒక అడుగు వెనక్కి వేస్తారు, అందుకే నేను ఇలాగే అంటాను, ఎవడు ఎంత వెనక్కి వేస్తాడో చూడ్డానికి. ముందు వీళ్ళకు తెలియదు, ఆస్పత్రిలో ఏదో పని అనుకునేవాళ్ళు, రెండో బెంచీలో అందరి మధ్యన కూర్చునేది. పాస్టరు గారి పెద్దకూతురు జ్వరమొచ్చి పోయినప్పుడు ఆ పిల్లను కడిగింది అక్క. కడిగి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి రెండు జడలు అల్లి, చివర రిబ్బన్లు లేకపోతే తన గుడ్డసంచీ అంచు చింపి ముడేసింది. నిద్రపోతున్నట్టుందమ్మా నా బంగారుతల్లి అని పాస్టరమ్మ గారు అక్క చేతులు పట్టుకుని, ఆ చేతుల్లోనే మొహం పెట్టుకుని ఏడ్చారు. అది నేను చూశాను. ఆ వచ్చే ఆదివారం టైలరు మా అక్క పక్కకు వచ్చి వంగి, “అమ్మా, వెనక బెంచీలో అయితే గాలి బాగా ఆడుతుంది, మీకు హాయిగా ఉంటుంది,” అన్నాడు. అది కూడా చూశాను. ఆ మూల ఫ్యానే లేదు. అక్క నిజమే కాబోలనుకుని సంచీ తీసుకుని వెళ్ళి కూర్చుంది. ఇంటికెళ్ళాక అడిగితే, “ఏమోరా, హాయిగానే ఉంది, కాళ్ళు చాపుకోవచ్చు,” అంది. ఆ రోజునుంచి నేను రొట్టె ముట్టలేదు. నా దగ్గరికి వస్తే ముట్టకుండా, పళ్ళెం అంచు పట్టుకుని పక్కవాళ్ళకు దాటిస్తాను, అందరూ చూసేలా, నింపాదిగా. ఈ గదిలో రొట్టె తిననివాణ్ణి నేనొక్కణ్ణే.

అక్కకు తెలియకూడదు. అదొక్కటే నా బాధ. వీళ్ళ మర్యాదలు, వీళ్ళ హల్లెలూయలు, వీళ్ళ మఫ్లర్లు గంగలో కలిసినా నాకు పట్టదు, కానీ తను ఎందుకు అక్కడ కూర్చుందో తనకు తెలిసిపోకూడదు. పొద్దస్తమానం సబ్బునీళ్ళలో నానిన చేతులు, ఇంటికొచ్చాక మళ్ళీ కడుక్కుంటుంది, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటుంది, ఆదివారం పొద్దున ఇంకా శ్రద్ధగా కడుక్కుంటుంది, రొట్టె ముట్టుకోవాలి కదరా అంటుంది. ఈ మొహాలు చూసి నేర్చుకోవలసిన శుభ్రం కాదది. బతికుండగా ఆ చేతిలోది తినరు గాని, పోయాక మాత్రం వీళ్ళందరూ ఆ చేతుల్లోకే వెళ్ళాలి, టైలరు తల్లి వెళ్ళింది, డాక్టరు బావమరిది వెళ్ళాడు, అప్పుడు ఒక్కరూ గాలి ఆడే చోటు గురించి మాట్లాడలేదు. ఛీ. ఎవర్ని తిట్టి ఏం లాభం, ఎద్దు పుండు కాకికి నొప్పా.

“ఒక్కటే రొట్టె,” అంటున్నాడు గెస్టు పాస్టరు, స్పీకరు దభీమంది, “ప్రియులారా, మనం అనేకులం, కానీ రొట్టె ఒక్కటే, శరీరం ఒక్కటే!” ఆమేన్ అన్నారు అందరూ. ఆమేన్ అనడానికేం, నాలుకకు ఎముక లేదు కదా. నన్నడిగితే రొట్టె విరవడమంటే నాకు తెలిసింది వేరే. అమ్మ పోయాక నాన్న కాపలా పని నుంచి వస్తూ బేకరీలో నిన్నటి రొట్టె తెచ్చేవాడు, గట్టిగా ఉండేది, కత్తి వాడేది కాదు అక్క, చేత్తోనే విరిచేది, పొడి రాలకుండా ఒళ్ళో గుడ్డ పరుచుకునేది. విరిచి ఒక ముక్క నాకిచ్చేది, తన ముక్క పిడికిట్లో దాచుకుని నాదే పెద్దదోచ్ అని వెక్కిరించేది. నేను ఏడ్చేవాణ్ణి, నాకా పెద్దది కావాలని. నీకెందుకిస్తాను పో అనేది. ఒకరోజు ఆ పిడికిలి బలవంతంగా విప్పి చూశాను, ఉత్త పెచ్చు, బొటనవేలంత. అక్కే పెద్దది కాజేసిందనుకుంటే పిల్లలు తమ ముక్కలో వాటా ఇవ్వబోకుండా మొత్తం తినేస్తారని ఎవరు నేర్పారో దానికి, నవ్వుతూ ఆ పెచ్చునే తీరిగ్గా నములుతూ కూర్చునేది. ఈ పీఠాల మీద ఎన్ని గొంతులు పోయేలా అరిచినా ఆ పిడికిలి చెప్పినంత చెప్పలేరు. అదంతా అక్కకు గుర్తు కూడా లేదు. ఏదీ మనసులో పెట్టుకోదు, పిచ్చి మాలోకం.

అదుగో, ప్రార్థన అయింది. పాస్టరమ్మ గారు గుడ్డ తీసి పళ్ళెం అందించారు. గెస్టు పాస్టరు రొట్టె రెండు చేతులా ఎత్తి మధ్యకు పగలదీశాడు, పూర్తిగా విడిపోకుండా ఒక పక్క అతుక్కునే ఉంది, మళ్ళీ పళ్ళెంలో పెట్టి పీఠం దిగాడు. దిగి ఆగాడు. ఎటునుంచి మొదలుపెట్టాలి అన్నట్టు మా పాస్టరు గారి వైపు చూశాడు. ఈయనకు గొంతు లేదాయె. చెయ్యెత్తి మొదటి బెంచీని చూపించి, అక్కణ్ణుంచి వెనక్కి, అలా అలా వెనక్కి అన్నట్టు గాల్లో ఊపాడు. ఆ ఊపు చూసిన ఎవడికైనా వెనకనుంచి అనే అర్థమవుతుంది, నాకే అయింది. గెస్టు పాస్టరు మొహం వెలిగిపోయింది. ఆహా, కడపటివారు ముందా, ఎంత మంచి ఆచారం సార్ మీ సంఘంలో, అని మైకులోనే అనేసి, చేతిమైకుతో సహా, పళ్ళెంతో సహా, నడవలో టకటకా వెనక్కి నడిచాడు. మా పాస్టరు గారు సగం లేచాడు. నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. పాస్టరమ్మ గారు భర్త మోచెయ్యి పట్టుకున్నారు. టైలరు మెడ తిప్పి చూశాడు, డాక్టరు తిప్పలేదు గాని వీపు నిటారైంది. నాకు నవ్వొచ్చింది, లోపల్నుంచి పొంగుకొచ్చింది నవ్వు, ఆ తరవాత ఒక్క క్షణానికే ఆరిపోయింది, ఎందుకంటే పళ్ళెం అక్క ముందు ఆగింది.

అక్క తడబడింది. ఇది కాదు బాబూ, ముందు వాళ్ళకు అన్నట్టు చెయ్యి ఊపింది. “మీ నుంచే అక్కా,” అన్నాడాయన, మైకులోంచి గదంతా మోగింది. అక్క నిలబడింది. నిండు రొట్టె తన ముందుకు రావడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. చెయ్యి పమిటకు తుడుచుకుంది, అంత కడుక్కున్న చెయ్యిని మళ్ళీ తుడుచుకుంది, అంచున ఒక చిన్న ముక్క తుంచుకుంది, తనకు అలవాటైనంతే, బొటనవేలంత. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. పళ్ళెం అక్క ముందున్న బెంచీకి వెళ్ళింది. వెళ్ళవద్దురా భగవంతుడా, కింద పడిపో, ఎవడైనా తుమ్మండిరా, నేల జారండిరా అని నేను లోపల అరుస్తున్నాను, కరెంటు తీసేద్దామా అనుకున్నాను, కానీ కరెంటు పోతే రొట్టె ఆగదు కదా. వీళ్ళు వద్దంటారు. మొహం చిట్లించి దాటిస్తారు. అక్క వెనకనే నిలబడి చూస్తోంది. ఇన్నేళ్ళూ గాలి ఆడే చోటు అనుకున్న అమాయకురాలు ఇవాళ, అందరి ముందూ, బెంచీ తరవాత బెంచీ, తన చెయ్యి విలువ ఎంతో చూస్తుంది.

కానీ వీళ్ళ తెలివే తెలివి. ఎవరూ వద్దనలేదు. ఆ బెంచీ చివరనున్న చెవిటి ముసలమ్మ ఒక్కతే నిజంగా తుంచుకుని బుగ్గన పెట్టుకుంది, అంతే, ఆ పక్కావిడ దగ్గర్నుంచి మొదలైంది నాటకం. చెయ్యి రొట్టె దాకా వెళ్ళింది, వేళ్ళు కలిశాయి, చెయ్యి నోటి దాకా వచ్చింది, దవడ ఆడింది. వేళ్ళ మధ్య ఏమీ లేదు. నేను కళ్ళు నులుముకున్నాను. తరవాత వాడూ అంతే. ఆ తరవాతావిడ అయితే తలవంచి, కళ్ళు మూసి, భక్తిగా గాలి నమిలి భక్తిగా గుటక వేసింది. ఒకరు చేసింది ఒకరికి తెలియదు, ఎవరికి వాళ్ళు నేనొక్కణ్ణే దొంగను అనుకుంటున్నారు, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇక్కడ పాలు కూడా లేవు. పక్కనుంచి చూస్తున్న నాకు మాత్రం బెంచీలు బెంచీలు కనిపిస్తున్నాయి, ఉత్త వేళ్ళు, ఉత్త దవడలు. వెనకనుంచి అక్కకు ఏం కనిపిస్తుంది? వీపులు. పైకి లేచే మోచేతులు. అంటే అక్క లెక్కన అందరూ తింటున్నారు. తన చేతి నుంచి మొదలైన రొట్టె సంఘమంతా తింటోంది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గు లేకుండా హమ్మయ్య అనుకున్నాను, ఈ దొంగ వెధవలకు మనసులో దండం కూడా పెట్టాను.

అంతలో పళ్ళెం నా బల్ల వైపుకే వస్తోందని చూసుకున్నాను. నేను గోడవారగా పక్కకు తిరిగి కూర్చున్నాను, నా చేతులు, నోరు అన్నీ అక్కకు కనిపిస్తాయి, తను నన్నే చూస్తోంది. ఎప్పటిలా దాటిస్తే ఏమవుతుంది? ఈ గదిలో అక్క చేతిది తిననివాడు ఒక్కడే అవుతాడు, వాడు తన తమ్ముడవుతాడు. ఇన్నేళ్ళూ తన కోసం మానేశానన్న సంగతి తనతో చెప్పింది లేదు, ఇప్పుడు చెప్పడానికి వీల్లేదు, ముందు నుయ్యి వెనక గొయ్యి. తినేస్తే? తినేస్తే ఈ మొదటి బెంచీ మొహాల ముందు, నువ్వూ మాలోకి వచ్చావురా అబ్బాయ్ అన్న ఆ టైలరు నవ్వు ముందు... నా దగ్గర ఏముంది, ఇల్లా, వాకిలా, తినననే మాట ఒక్కటే కదా ఉంది. పళ్ళెం చేతిలోకి వచ్చింది. రొట్టె దాదాపు నిండుగా ఉంది, అక్క తుంచిన చోటు, ముసలమ్మ తుంచిన చోటు, అంతే. నా చెయ్యి వెళ్ళింది. వేళ్ళు కలిశాయి. చెయ్యి నోటికొచ్చింది. నమిలాను. ఏమీ లేని నోటిని నమిలాను, గుటక కూడా వేశాను. ఎంత అసహ్యం వేసిందంటే, ఇన్నాళ్ళూ వీళ్ళను చూసి వేసిన అసహ్యమంతా ఒక్కసారి తిరిగొచ్చి నా నెత్తినే పడింది, ఉమ్మడానికి కూడా నోట్లో ఏమీ లేదు.

పళ్ళెం మొదటి బెంచీకి చేరింది. రోజంతా కనపడ్డవాడి నోట్లో వేళ్ళు పెట్టే డాక్టరు, రొట్టె మీద గాలిని రెండు వేళ్ళతో సున్నితంగా తీసుకున్నాడు. టైలరు అయితే పొడి దులుపుకున్నట్టు చేతులు కూడా దులుపుకున్నాడు, కళాకారుడు. పాస్టరమ్మ గారు చాలాసేపు రొట్టె వైపు చూసి, చెయ్యి సగం దాకా చాపి, తీసేసుకున్నారు. పాస్టరు గారు మఫ్లరు సర్దుకున్నాడు. గెస్టు పాస్టరు పళ్ళెం అందుకుని, మిగిలిన ముక్క తాను తినేద్దామని చూసుకున్నాడు, ఆగాడు. పళ్ళెం వైపు చూశాడు. బెంచీల వైపు చూశాడు. నా పెట్టెలో కరెంటు రొద వినపడుతోంది. అందరూ తేలు కుట్టిన దొంగల్లా నేల చూస్తున్నారు, ఇప్పుడు అడుగుతాడు, అందరూ తిన్నారా అని అడుగుతాడు. అడగలేదు. పళ్ళెం తలమీదికెత్తాడు, మొక్కజొన్న కండె నోటికానించాడు. “సంఘమా! కళ్ళారా చూడండి! అందరూ తిన్నారు, నేను చూస్తుండగా తిన్నారు, రొట్టె తరగలేదు! అయిదు రొట్టెలు వేలమందికి పెట్టిన చెయ్యి ఇవాళ ఈ గదిలో ఉంది!” స్పీకర్లు రెండూ కీచుమన్నాయి.

అమాయకుడో, ఆరితేరినవాడో చెప్పలేను. తరవాత టైలరు, ఇంకెవరు, “స్తోత్రం!” అన్నాడు. అంతే, గది గదంతా లేచింది. హల్లెలూయ, స్తోత్రం, అద్భుతం, తిననివాళ్ళే గట్టిగా అరుస్తున్నారు, డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. చెవిటి ముసలమ్మ ఏమైందే, ఏమైందే అని పక్కావిణ్ణి పొడుస్తోంది. నా బల్ల మీద ఇంకో చేతిమైకు ఆన్‌లోనే ఉంది, దాని శబ్దం పెంచే మీట మీద నా బొటనవేలు ఉంది. ఒక్క మాట. ఒక్క మాట అంటే చాలు, అద్భుతం కాదు నాయనా, వీళ్ళెవరూ తినలేదు, నేను పక్కనుంచి చూశాను, నాతో సహా ఎవరూ తినలేదు. నా జన్మలో ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదు. తల తిప్పి వెనక్కి చూశాను. అక్క చేతులు రెండూ గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది, కళ్ళనిండా నీళ్ళు. ఆ మొహం చూశాక బొటనవేలు దానంతటదే పక్కకు జరిగింది, నమ్మనీ, పిచ్చిది, ఒక్కరోజు సుఖంగా ఉండనీ అనుకున్నాను.

“ఈ రొట్టె ఎవరి చేతి నుంచి మొదలైందో ఆ అక్క ముందుకు రావాలి,” అంటున్నాడు గెస్టు పాస్టరు. అక్క వచ్చింది. నడవలో ఆ చివరినుంచి ఈ చివరికి, అటూ ఇటూ ఎవరి వైపూ చూడకుండా. పళ్ళెం ఆమె చేతిలో పెట్టాడు. “రొట్టె మిగలకూడదు, ఈ అద్భుతపు రొట్టె మళ్ళీ అందరూ తినాలి, ఈ అక్కే తన చేత్తో తుంచి పెడతారు, పాట ఎత్తుకోండి!” పాట ఎత్తుకున్నారు. ఎత్తుకోక ఏం చేస్తారు, అద్భుతం అన్నది వాళ్ళే కదా. అక్క మొదట పాస్టరు గారి ముందుకు వెళ్ళింది, రొట్టె విరిచింది, అరచేతిలో పెట్టింది. తన ముక్క ఎప్పుడూ బొటనవేలంతే గాని ఆయనకు పెట్టింది గుప్పెడుంది. గొంతు పోయినవాడికి అది దిగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. టైలరు మింగాడు, మాత్ర మింగినట్టు, నీళ్ళు లేకుండా. డాక్టరు ముప్పై రెండు పళ్ళతోనూ నమిలాడు, వేరే దారి లేక, గెస్టు పాస్టరు ఆయన పక్కనే నిలబడి మొహంలోకి చూస్తూ పాడుతున్నాడు మరి. పాస్టరమ్మ గారి చేతిలో ముక్క పెట్టి, అక్క ఆ చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసి కాసేపు ఉంచింది. ఆవిడ తిన్నారు. తింటూ ఏడ్చారు. ఆ ఏడుపులో కల్తీ ఉందేమోనని వెతికాను, నాకు దొరకలేదు, దొరకనందుకు చిరాకేసింది.

బెంచీ తరవాత బెంచీ అక్క వెనక్కి వస్తోంది, పాట మూడోసారి మొదలెట్టారు, పిల్లలకు చిన్న ముక్కలు, పెద్దలకు పెద్దవి, ఎవరినీ వదలడం లేదు. చివరికి నా బల్ల ముందు నిలబడింది. కళ్ళ కింద తడి ఇంకా ఆరలేదు. ఏం చెబుతుందో నాకు తెలుసు, చూశావురా దేవుడు అంటుంది, ఇప్పటికైనా నమ్మరా అంటుంది, నేను సరేలే అక్కా అంటాను, అంతా అయిపోతుంది.

“ముందు ఆ బల్ల మీది మైకు కట్టెయ్,” అంది, పెదాలు పెద్దగా కదపకుండా.

కట్టేశాను.

“ఇందాక నువ్వు కూడా ఉత్తుత్తినే నమిలావు.”

నేను మీటల వైపు తల తిప్పుకున్నాను.

“వాళ్ళంటే సరే,” అంది. “నీకేమొచ్చిందిరా?”

“అక్కా, వాళ్ళు... నీకు తెలుసా?”

“ఇంత రొట్టె తెచ్చి చేతిలో పెడితే తెలియకపోవడానికి పిచ్చిదాన్నా? ఇన్నేళ్ళనుంచీ తెలియకపోవడానికి పిచ్చిదాన్నా?” గొంతు పెంచలేదు, పాట కింద నాకు మాత్రమే వినపడేలా అంది. “నువ్వు బాధపడతావని ఊరుకున్నాను. పళ్ళెం దాటించినా నీకో పౌరుషం ఉందిలే అనుకునేదాన్ని. వాళ్ళలాగా నమిలావు చూడు, అది నచ్చలేదు నాకు.”

“మరి అద్భుతమని ఆయనంటుంటే ఏడ్చావు కదా.”

“ఏడవనా మరి? నా చేత్తో పెడితే పాస్టరు గారు తిన్నాడు, టైలరు తిన్నాడు. ఇంకేం అద్భుతం కావాలిరా నీకు?” పళ్ళెంలో మిగిలింది ఒకే ముక్క. దాన్ని తీసి నా ముందు పట్టుకుంది. “నమ్మి తింటావా?”

“లేదు.” ఆ అబద్ధం ఒక్కటీ ఆడలేకపోయాను.

“సరే. ఆకలికి తిను. పొద్దున్నే వైర్లంటూ పరిగెత్తుకొచ్చావు, కడుపులో ఏమీ లేదు నీకు.”

చెయ్యి చాపాను. పెట్టింది. నోట్లో వేసుకున్నాను, ఎండిపోయిన నోట్లో రొట్టె కదల్లేదు, గొంతుకు అడ్డం పడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క మాత్రం ఖాళీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది, పాట అయిపోయినా కదల్లేదు, నేను నిజంగా మింగుతున్నానా లేదా అని నా గొంతు వైపే చూస్తూ.